మా అత్తగారి సంతకం

 

పోయినసారి ఉసిరికాయ తొక్కు గురించి రాస్తే బోల్డన్ని ఉత్తరాలొచ్చాయి. ఉప్పు కొలత కుదరలేదన్నవాళ్ళకి చివర్లో జవాబు రాశాను, చూడండి. ఇంకో సోదరి మాత్రం తొక్కు సంగతి వదిలేసి వేరే విషయం అడిగింది. "మా అమ్మగారిని ఆసుపత్రిలో ఏదో కొత్తమందు పరీక్షలో చేరమంటున్నారు. క్లినికల్ ట్రయల్ అట. చేర్చమంటారా, వద్దంటారా?" అని.

చేర్చమనీ వద్దనీ చెప్పడానికి నేను డాక్టర్ని కాను, ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపేసినదాన్ని. కానీ కిందటేడు ఈ ముచ్చట మా ఇంట్లోనే జరిగింది. జరిగింది జరిగినట్టు చెప్తాను, నా తప్పుతో సహా. ఆపైన మీ ఇష్టం.

మా అత్తయ్యగారికి అరవై తొమ్మిదేళ్ళు. పద్నాలుగేళ్ళుగా షుగరు. ఎన్ని బిళ్ళలు మార్చినా, అన్నం తగ్గించినా మూడు నెలల షుగరు ఎనిమిదిన్నర దిగడం లేదు. ఒకసారి చూపించుకోవడానికి వెళ్తే డాక్టరుగారు, "అమ్మా, ఒక కొత్త బిళ్ళ మీద ట్రయల్ జరుగుతోంది. ఇప్పుడు వాడే మందులు ఆపం. వాటితోపాటు ఇది వేసి చూస్తాం. ఇరవై నాలుగు వారాలు. మీకిష్టమైతేనే" అన్నారు. ఒక అమ్మాయి తెలుగులో అచ్చేసిన పద్దెనిమిది పేజీల కాగితాలు తెచ్చి ఇచ్చింది.

మావారికి ఆఫీసు టైమవుతోంది. "డాక్టరుగారు చెప్పాక ఇంకా చదివేదేముందమ్మా, పెట్టెయ్ సంతకం. పోనీ నేను పెట్టేదా?" అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, "మీరు పెడితే చెల్లదండీ. మందు వేసుకునేది ఆవిడ, సంతకమూ ఆవిడే పెట్టాలి. తొందరేం లేదు, ఇంటికి తీసికెళ్ళి చదువుకుని రండి" అంది.

ఆ మాట నాకెంతో నచ్చింది. ఎందుకంటే మా ఇంట్లో అత్తయ్యగారి పెన్షను కాగితాల దగ్గర్నుంచి అన్నిటికీ ఆవిడ వేలు పెట్టి చూపించినచోట సంతకం పెట్టడమే. ఏం రాసుందో చదివి పెట్టడం అదే మొదటిసారి.

ఆ రాత్రి ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నేను పక్కన కూచుని చదివాను. రెండో పేజీలోనే ఆగిపోయింది బండి.

"ఏమిటేమిటీ, మళ్ళీ చదువు. కొందరికి మందు, కొందరికి ఉత్త బిళ్ళా?"

"అవునత్తయ్యా. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయట. ఎవరికి ఏది వస్తుందో చీట్లు తీసినట్టు కంప్యూటరు తీస్తుందట. మీకూ తెలీదు, ఇచ్చే డాక్టరుకీ తెలీదు."

"ఇదెక్కడి వైద్యమే అమ్మాయ్! ఇచ్చేవాడికే తెలీకపోతే తినేదాని గతేమిటి? ఎలకలకి వేసి చూసుకోవాల్సింది నాకెందుకు?"

నిజమే, వినగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అందుకే ఈ ఉత్తబిళ్ళ కథేమిటో మా అక్కకొడుకుని అడిగి, లైబ్రరీలో పుస్తకం తెచ్చుకుని తెలుసుకున్నాను.

కాఫీపొడి కథ

మావారు కాఫీ విషయంలో మహా గట్టి మనిషి. ఒకసారి "పొడి మార్చానండీ, కొత్తది, ఎలా ఉందో చెప్పండి" అన్నాను. చప్పరించి చప్పరించి, "ఆహా, ఇదీ కాఫీ అంటే! ఇన్నాళ్ళూ ఆ పాతపొడితో నన్ను చంపావు" అన్నారు. నేను మార్చింది డబ్బా ఒక్కటే, లోపల పొడి పాతదే!

మనిషి మనసు అంతేనండీ. కొత్తమందు అనగానే సగం నొప్పి తగ్గినట్టు ఉంటుంది. ఇచ్చే డాక్టరుకి కూడా తన మందు పనిచేస్తే బావుండునని ఉంటుంది కదా, కొంచెం తగ్గినా "బాగా తగ్గింది" అని రాసుకుంటాడు. అందుకని ఇద్దరికీ తెలియకుండా చేస్తారు. ఆ ఉత్తబిళ్ళని ప్లాసిబో అంటారు. ఇద్దరి కళ్ళకీ గంతలు కట్టే ఈ పద్ధతి పేరు డబుల్ బ్లయిండ్.

ఇంకో సంగతి. జలుబుకి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మన పెద్దవాళ్ళే అన్నారు. దానంతటది తగ్గే రోగానికి మందు పేరు చెప్పుకుంటే ఎలా? పోల్చి చూడ్డానికి మందు వేసుకోనివాళ్ళు కూడా ఉండాలి. ఆవకాయలో ఫలానా నూనె పోస్తే బూజు పట్టదని ఎవరైనా చెప్తే మనమేం చేస్తాం? అవే కాయలు, అదే కారం, అదే ఉప్పు రెండు జాడీల్లో పెట్టి, నూనె ఒక్కటే మార్చి చూస్తాం. అన్నీ మార్చేస్తే ఏది నూనె మహిమో, ఏది కాయ మహిమో ఎవరు చెప్పగలరు?

ఇదేదో నిన్నమొన్నటి తెలివి కాదు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో చేసి చూపించాడు. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకి చిగుళ్ళనుంచి నెత్తురు కారి, కాళ్ళు చచ్చుబడి పోయేవి. స్కర్వీ అంటారు. ఆయన పన్నెండుమంది రోగుల్ని ఒకేచోట పడుకోబెట్టి, ఒకే తిండి పెట్టి, ఇద్దరిద్దరికి ఒక్కో మందు ఇచ్చాడు. ఒకరికి వెనిగరు, ఒకరికి సముద్రపు నీళ్ళు, ఇలాగ. ఒక జంటకి మాత్రం కమలాపళ్ళు, నిమ్మకాయలు. ఆరు రోజుల్లో పళ్ళు అయిపోయాయి గానీ, అప్పటికే ఆ ఇద్దరూ లేచి తిరిగారు! మన వంటింటి నిమ్మకాయే గెలిచిందన్నమాట. కానీ ఓడలన్నిటిలో నిమ్మరసం ఇమ్మని ఉత్తర్వు రావడానికి 1795 దాకా పట్టింది. మంచిమాట వినడానికి మగవాళ్ళకి ఎప్పుడూ ఆలస్యమే!

చీట్లు తియ్యడం ఎందుకంటే, డాక్టరు తనే ఎంచితే కాస్త గట్టిగా ఉన్నవాళ్ళకే కొత్తమందు ఇస్తాడేమోనని. 1947లో బ్రిటనులో క్షయకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను పరీక్షించినప్పుడు అలాగే చేశారు. యుద్ధం అయిన కొత్త, అందరికీ ఇచ్చేంత మందు ఎటూ లేదు. 107 మంది రోగులు. ఎవరికి మందో ఎవరికి ఉత్త విశ్రాంతో సీలువేసిన కవర్లలో ముందే రాసిపెట్టి ఉంచారు. ఆర్నెల్లు గడిచేసరికి మందు తీసుకున్న 55 మందిలో నలుగురు పోయారు. తీసుకోని 52 మందిలో పద్నాలుగు మంది పోయారు. ఇంక వాదనకి చోటెక్కడ?

మన పక్కనే మద్రాసులో 1956లో మొదలైన ట్రయల్ ఇంకా గొప్పది. ఆ రోజుల్లో క్షయ వస్తే ఇంట్లోంచి తీసికెళ్ళి శానిటోరియంలో పడేయాల్సిందే, మంచి గాలి, మంచి తిండి ఉంటేనే బతుకుతారని నమ్మకం. బీదవాళ్ళకి అక్కడ మంచం ఎలా దొరుకుతుంది? అందుకని కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి, ఇద్దరికీ ఏడాదిపాటు అవే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకీ ఇంచుమించు అంతే నయమయింది, ఇంట్లో పిల్లాజెల్లాకి అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. ఇవాళ సర్కారు దవాఖానాలో ఊరికే మాత్రలిచ్చి ఇంటికి పంపుతున్నారంటే ఆ మద్రాసు బీదవాళ్ళ పుణ్యమే. ఈ మాట చెప్తే అత్తయ్యగారు చిక్కుడుకాయ పక్కన పెట్టేశారు. ఆవిడ పెదనాన్నగారు క్షయతో శానిటోరియంకి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదట.

నాలుగు మెట్లు

కొత్తమందు తిన్నగా మన నోట్లోకి రాదు. ముందు ప్రయోగశాలలో, తర్వాత జంతువుల మీద చూస్తారు. ఆ తర్వాత మనుషుల దగ్గర నాలుగు మెట్లు.

మొదటి మెట్టులో పదుల సంఖ్యలో మనుషులు, మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు. మందు ఒంటికి పడుతుందా, ఎంత మోతాదు అని చూడ్డానికే. క్యాన్సరు మందులకైతే రోగులే ఉంటారు. రెండో మెట్టులో వందమందో రెండు మూడు వందలమందో రోగులు. పనిచేస్తుందా, ఎంత వెయ్యాలి అని. మూడోది పెద్ద మెట్టు, వందలూ వేలూ. ఇప్పుడున్న మందుకన్నా, లేదా ఉత్తబిళ్ళకన్నా నిజంగా మెరుగేనా అని తేల్చేది ఇక్కడే. ఇది దాటితేనే సాధారణంగా అమ్మకానికి అనుమతి. నాలుగోది బజారులోకి వచ్చాక. వెయ్యిమందిలో కనిపించని చెడు లక్షమందిలో కనిపించొచ్చు కదా, అందుకని కనిపెట్టి ఉంటారు.

కరోనా రోజుల్లో మన హైదరాబాదులో తయారైన కొవాగ్జిన్‌కి 2020 జులైలో మొదటి మెట్టు 375 మందితో మొదలైంది. అదే ఏడు నవంబరులో మొదలైన మూడో మెట్టులో 25,800 మంది చేరారు. ఆ మూడో మెట్టు ఫలితాలు రాకముందే 2021 జనవరిలో అనుమతి ఇచ్చారని అప్పట్లో పెద్ద గొడవే అయింది. మెట్లు ఎక్కడమే కాదు, వరసగా ఎక్కడమూ ముఖ్యమే.

పసిపిల్లల విరేచనాలు ఆపే రోటావైరస్ చుక్కల మందు కూడా హైదరాబాదుదే. దానికోసం ఢిల్లీ, పూనా, వెల్లూరులలో 6,799 మంది పసివాళ్ళ తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. వాళ్ళలో 2,267 మందికి ఉత్త చుక్కలే. తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు మొదటి ఏడాదిలో సగానికి పైగా తగ్గాయని తేలింది. 2016లో ప్రభుత్వం ఆ చుక్కలు ఊరికే వెయ్యడం మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరువారాల పసిగుడ్డుని చంకనేసుకుని వెళ్ళి ఒప్పుకున్న ఆ తల్లులెవరో మనకి తెలీదు. మన మనవలు వాళ్ళ చలవనే తింటున్నారు.

పరీక్ష సరిగ్గా చెయ్యకపోతే ఏమవుతుందో కూడా ఆడవాళ్ళమే చూశాం. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడొమైడ్ అనే నిద్రమాత్ర బజారులోకి వచ్చింది. ఎంతో మంచిదని చెప్పి కడుపుతో ఉన్నవాళ్ళకి వేవిళ్ళకీ ఇచ్చేశారు. 1961 చివర్లో ఆపేసేలోపు లోకం మొత్తం మీద పదివేలకు పైగా పిల్లలు చేతులూ కాళ్ళూ సరిగా లేకుండా పుట్టారు. అమెరికాలో మాత్రం ఫ్రాన్సిస్ కెల్సీ అనే డాక్టరమ్మ, రుజువులు చాలవు, ఇంకా తెమ్మంటూ కంపెనీ ఎంత తొందరపెట్టినా సంతకం పెట్టలేదు. చూశారా, ఒక ఆడది సంతకం పెట్టకపోవడం కూడా ఎంత పనిచేస్తుందో!

అత్తగారి సంతకం

సరే, మూడు రాత్రులు చదివాం. మూడోరోజు ఆవిడే, "పోనీలే, చేరతాను. ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చని రాశాడుగా. మానేసినా మామూలు వైద్యం ఆపనన్నాడుగా" అన్నారు. వెళ్ళి డాక్టరుగారిని నాలుగు ప్రశ్నలడిగి, వణుకుతూ వణుకుతూ పూర్తిపేరు రాశారు. ఒక కాపీ మాకిచ్చారు.

ఇక్కడే నా తప్పు. డాక్టరుగారు, "ఉపవాసాలు చేస్తారామ్మా?" అని అడిగారు. అత్తయ్యగారు "ఎప్పుడైనా" అన్నారు. నెలకి రెండు ఏకాదశులు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉంటారని నాకు తెలుసు. ఆ ప్రశ్న ఎందుకో తొమ్మిదో పేజీలో చదివాను కూడా. కానీ నలుగురిలో అత్తగారి మాటకి ఎదురు చెప్పడమెందుకని నోరు మూసుకున్నాను.

మొదటి ఏకాదశి వచ్చింది. లెక్క తప్పకూడదని పరగడుపునే బిళ్ళలన్నీ వేసుకున్నారు. పాతవీ, కొత్తదీ. పదకొండింటికి దేవుడి గదిలోంచి ఏదో పడిన చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, ఆవిడ గోడకి జారబడి ఉన్నారు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, నేనెవరో పోల్చుకోలేదు. మిషనుతో చూస్తే షుగరు 52. పంచదార నీళ్ళు తాగిస్తుంటే ఆ స్థితిలోనూ, "ఏకాదశే..." అంటున్నారు. నా గుండె జారిపోయింది. ఆవిడకేమైనా అయితే నా నోరే కారణం కదా.

కాగితంలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. వెంటనే తీసుకురమ్మన్నారు. రెండు గంటల్లో మామూలు మనిషయ్యారు. పైసా అడగలేదు, ఆటో ఖర్చూ ఇచ్చారు. నేను ఏడుస్తూ ఉపవాసాల సంగతి చెప్పేశాను. డాక్టరుగారు కోప్పడలేదు. "ఇది ముందే చెప్పుంటే ఈ గండం తప్పేది. ఇదంతా రాసి పైకి పంపాలి" అన్నారు.

"మరి కొత్త బిళ్ళ వల్లే అయిందా?" అని అడిగాను.

"పాత బిళ్ళ వల్లా అవుతుంది, ఉపవాసం వల్లా అవుతుంది. ఈవిడ ఒక్కరిని చూసి తేల్చలేం. మందు వాళ్ళలో ఎంతమందికి ఇలా షుగరు పడిపోయింది, ఉత్తబిళ్ళ వాళ్ళలో ఎంతమందికి పడిపోయింది అని లెక్కేస్తేనే తెలుస్తుంది. ప్రాణం మీదికొచ్చి, ఏ బిళ్ళో తెలిస్తే తప్ప వైద్యం చెయ్యలేని పరిస్థితి వస్తే ఆ రహస్యం అప్పటికప్పుడు విప్పే ఏర్పాటు ఉంది. ఇవాళ అవసరం లేకపోయింది" అన్నారు.

అప్పుడర్థమైంది నాకు. ఉత్తబిళ్ళ మంచిని కొలవడానికే కాదు, చెడుని కొలవడానికి కూడా.

ట్రయల్ అయ్యేదాకా ఉపవాసాలు వద్దన్నారు. ఆవిడ సరేనన్నారు. నేనూ నమ్మాను. నెలన్నర పోయాక ఆవిడ పెట్టెలో చీరలు ఎండలో వేద్దామని తీస్తుంటే కాగితం పొట్లం ఒకటి కనిపించింది. అందులో ట్రయల్ బిళ్ళలు అయిదు!

"ఏకాదశికి తినను, అందుకని బిళ్ళా వేసుకోను. మీకు చెప్తే ఒప్పుకోరు. వెళ్ళేముందు కాలవలో పారేద్దామనుకున్నాను. మిగిలినవి లెక్కపెడతారుగా, సరిపోతే ఆ పిల్ల సంతోషిస్తుంది" అన్నారు చిన్నపిల్లలా.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "అత్తయ్యా, మీరు వేసుకున్నట్టు రాసుకుంటారు. షుగరు తగ్గలేదనుకోండి, మంచి మందుకి చెడ్డపేరు వస్తుంది. ఆ మందు రేపు ఎవరికీ అందదు" అన్నాను.

"నా అయిదు బిళ్ళలకే లోకం మునిగిపోతుందా?"

"మీలాంటి అత్తయ్యలు ఊరికి పదిమంది ఉంటారు. అందరి పెట్టెల్లోనూ పొట్లాలుంటే?"

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఆసుపత్రిలో నాకన్నా ముందే ఆ పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. "వేసుకోలేదమ్మా. రాసుకో" అన్నారు. ఆ అమ్మాయి తిట్టలేదు, రాసుకుంది. ఏకాదశి పూర్తిగా మానలేనంటే డాక్టరుగారు పళ్ళూ పాలూ ఏ వేళకి తీసుకోవాలో, ఏ బిళ్ళ ఎలా సర్దుకోవాలో కాగితం మీద రాసిచ్చారు. మొదటే నిజం చెప్పుంటే మొదటే రాసిచ్చేవారు.

సంతకానికి ముందు అడగాల్సినవి

ఇది విని, ఓహో అన్నీ సవ్యంగానే జరుగుతాయి కాబోలు అనుకోకండి. మా అదృష్టం బావుంది, మంచివాళ్ళు తగిలారు. అందరికీ అలా జరగలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సరు రాకుండా టీకాలు వేసే కార్యక్రమం పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారని 2010లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణంగా కనిపించడం లేదని విచారణలో తేల్చారు. ఆ టీకా మంచిదేనని ఇవాళ లోకమంతా వేస్తున్నారు కూడా. కానీ అమ్మానాన్నల సంతకం ఉండాల్సిన చోట ఎన్నో కాగితాల మీద హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టేశారని బయటపడింది. పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది. మందు మంచిదే అయినా అడక్కుండా వేస్తే అది తప్పే కదండీ.

ఇప్పుడు 2019లో వచ్చిన కొత్త రూల్సు ఉన్నాయి. వాటి ప్రకారం, ఆ పుస్తకంలో చూసినవీ మా కాగితంలో ఉన్నవీ కలిపి రాస్తున్నాను. కత్తిరించి దాచుకోండి.

1. కాగితం మీకు తెలిసిన భాషలో ఉండాలి. చదువు రానివాళ్ళయితే, ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి ఎదుట మొత్తం చదివి వినిపించాలి. ఒక కాపీ మీకివ్వాలి.

2. ఇది ఎన్నో మెట్టు? ఉత్తబిళ్ళ ఉందా? నేను ఇప్పుడు వాడే మందు ఆపుతారా? ఇందులో చేరకపోతే నాకున్న వేరే వైద్యమేమిటి? ఈ నాలుగూ తప్పకుండా అడగండి.

3. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మానేశారని మామూలు వైద్యం ఆపకూడదు. అయితే చెప్పి మానేయండి, చప్పుడు చెయ్యకుండా మానేయకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు.

4. ట్రయల్ వల్ల ఆరోగ్యం చెడితే ఖర్చు లేకుండా వైద్యం చేయించాలి. ట్రయల్ వల్లేనని తేలితే పరిహారం ఇవ్వాలి, ప్రాణం పోతే వారసులకి ఇవ్వాలి.

5. ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా అని అడగండి. అందులో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్ళయి ఉండాలి. చట్టం తెలిసినవాళ్ళు ఒకరు, మనలాంటి మామూలు మనిషి ఒకరు, కనీసం ఒక ఆడమనిషి కూడా. వాళ్ళ ఫోన్ నంబరు కాగితంలో ఉంటుంది.

6. మన దేశంలో జరిగే మందుల ట్రయళ్ళన్నీ సీటీఆర్ఐ అనే రిజిస్టరులో నమోదు కావాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. ఇంటర్నెట్టులో ఎవరైనా చూడొచ్చు. మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో అయిదు నిమిషాల్లో తీసి చూపించింది. మీ పిల్లల్నీ అడగండి. నంబరు లేదంటే ఆలోచించుకోవాల్సిందే.

7. ఉపవాసాలు, నాటుమందులు, పక్కింటివాళ్ళిచ్చిన కషాయాలు, దాచుకున్న జబ్బులు అన్నీ చెప్పండి. నా అనుభవం చూశారుగా.

ఇంకో సోదరి తన ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకు గురించి రాసింది. ఆ కుర్రాడికి ఏ జబ్బూ లేదు, మందుల కంపెనీవాళ్ళు రెండు మూడు రోజులు ఉంచుకుని, మందు వేసి, నెత్తురు తీసి డబ్బులిస్తారట. ఒకచోట అయ్యాక ఇంకోచోటికి పేరు మార్చుకుని వెళ్తున్నాడట. అమ్మా, పాత మందుకి నకలుగా తయారైన మందు ఒంట్లో అదే తీరుగా పనిచేస్తుందా అని చూసే పరీక్ష అది. రూలు ప్రకారం చేస్తే తప్పు కాదు. కానీ ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య నెలల వ్యవధి ఇవ్వాలి. పేరు మార్చుకుని వెళ్తే ఒంట్లో రెండు మందులు కలిసి ఏం చేస్తాయో ఎవరికీ తెలీదు. చెడు జరిగినా మారుపేరు మీద పరిహారం ఎవరిస్తారు? ఆ తల్లికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. వీలయితే నాలుగు డబ్బులు అడ్వాన్సు కూడా ఇవ్వండి. ఆ కుర్రాడు సరదాకి వెళ్ళడం లేదు కదా.

మా అత్తయ్యగారి ఇరవై నాలుగు వారాలూ అయిపోయాయి. షుగరు కొంచెం దిగింది. మందు వల్లో, వేళకి తినడం వల్లో చెప్పలేం. అన్ని ఊళ్ళవాళ్ళవీ పూర్తయ్యాకగానీ ఎవరికి ఏ బిళ్ళ ఇచ్చారో విప్పరట. అది తెలిశాక రాస్తాను. ఆవిడ మాత్రం ఇప్పుడు ఏ కాగితం వచ్చినా, బ్యాంకుదైనా సరే, "అమ్మాయ్, చదివి వినిపించు" అంటున్నారు. మావారికి ఆఫీసు ఆలస్యమవుతోంది, కానివ్వండి.

నిన్న సాయంత్రం అడిగారు. "నాకిచ్చింది ఉత్తబిళ్ళే అయితే, దానికి ఆ చేదు ఎందుకు పెట్టారే?"

"మీరు కనిపెట్టకుండా ఉండాలని అత్తయ్యా."

"ఆరి వీళ్ళ అసాధ్యం కూలా!" అని నవ్వి వత్తులు చేసుకోవడంలో పడ్డారు.

అన్నట్టు ఉసిరికాయ తొక్కు. ఉప్పు చాలలేదన్నవాళ్ళు కాయల్ని గింజలతో తూచి ఉంటారు. గింజ తీశాక తూచండి. కిలోకి పావుకిలో కన్నా పిసరు తక్కువ ఉప్పు, రెండు చెంచాల పసుపు. మొదట కొంచెం కాయతో పెట్టి చూసి, కుదిరాక జాడీకి పెట్టండి. పెద్ద ప్రయోగాలు చిన్న జాడీతోనే మొదలుపెట్టాలి.

పైవారం మళ్ళీ కలుద్దాం. ఉత్తరాలు రాయడం మరవకండేం!